వైజాగ్ ఇళ్ళల్లో మొక్కలు: హ్యాంగింగ్ బాస్కెట్టా, నేల మీద కుండీయా, ఎవరికి ఏది పనికొస్తుంది

మొక్కలు బతకట్లేదండి అని ఎవరైనా చెప్తే నేను ముందు అడిగేది ఒక్కటే, ఆకులు పసుపొచ్చి మెత్తబడి రాలాయా, లేకపోతే అంచులు మాడి పెళుసుగా ఎండిపోయాయా అని. మొదటిది ఎక్కువగా హాల్లో మూలన పెట్టిన కుండీలకి వస్తుంది, నీళ్ళెక్కువై వేరు కుళ్ళిపోయి. రెండోది బాల్కనీలో వేలాడదీసిన బుట్టలకి, గాలికి తడి ఆరిపోయి. మనమేమో పొద్దున్నే మగ్గు పట్టుకుని లోపలదానికీ బయటదానికీ సమానంగా పోసుకుంటూ పోతాం, అది కుళ్ళిపోతుంది ఇది ఎండిపోతుంది, మా చేతికి మొక్క రాదులే అని వదిలేస్తాం. చెయ్యి బానే ఉంటుంది, ఎంపిక దగ్గరే తేడా కొడుతుంది.

హాల్లో ఉన్న ప్లాస్టిక్ కుండీకి ఎండ తగలదు, గాలి ఆడదు, పైగా మన ఊరి గాలిలో తేమ ఎక్కువ, అందుకని మట్టి ఆరడానికి వారం పది రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. వేరుకి నీళ్ళతో పాటు గాలి కూడా కావాలి, మట్టి సందుల్లో ఎప్పుడూ నీళ్ళే నిండి ఉంటే ఊపిరాడక వేరు చచ్చిపోతుంది, చచ్చిన వేరు నీళ్ళు పీల్చలేదు కాబట్టి పైన ఆకు వాలిపోతుంది, అది చూసి దాహమేమో అనుకుని ఇంకో మగ్గు పోస్తాం. వేలాడే బుట్ట పరిస్థితి పూర్తిగా ఉల్టా. దానికి నాలుగు పక్కలా, కింద కూడా గాలే, లోపల ఉండేది నాలుగైదు లీటర్ల మట్టి, మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం గాలి మొదలవుతుంది, ఇంక ఏప్రిల్ మే నెలల్లో అయితే పొద్దున్న పోసిన నీళ్ళు సాయంత్రానికి ఉండవు.

అందుకే మొక్క అందం చూసే ముందు మీ అలవాటు చూసుకోమంటాను. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో బాల్కనీలోకి వెళ్ళి మొక్కల దగ్గర నిలబడే మనిషైతే, ఏదో ఒకటి పొయ్యకుండా ఉండలేని చెయ్యైతే, మీకు హ్యాంగింగ్ బాస్కెట్లే కరెక్ట్, ఆ చేతికి అవి తట్టుకుంటాయి, వాటికి ఆ చెయ్యే కావాలి. షిఫ్ట్ డ్యూటీలు, సాఫ్ట్‌వేర్ పనులు, ఆదివారం తప్ప మొక్క మొహం చూడని వాళ్ళైతే నేల మీద కుండీలు, అందులోనూ దుంపలో నీళ్ళు దాచుకునే రకాలు. చాలామంది దీనికి తిరగేసి కొంటారు. టైమ్ లేనివాళ్ళు ఫొటోలో బావుందని పెటూనియా బుట్టలు నాలుగు కడతారు, ఇంటి పట్టున ఉండే పెద్దావిడేమో దుంపలో నీళ్ళు దాచుకునే జెడ్‌జెడ్ ప్లాంట్ తెచ్చి ప్రేమగా రోజూ నీళ్ళు పోస్తారు.

మీ ఇల్లు ఎక్కడుంది

ఇది హైదరాబాద్ వాళ్ళకి పెద్దగా అక్కర్లేని ప్రశ్న, మనకి మాత్రం చాలా ముఖ్యం. లాసన్స్ బే, కిర్లంపూడి లేఅవుట్, ఎంవీపీ కాలనీలో బీచ్ వైపు, రుషికొండ, ఇక్కడ సముద్రానికి ఎదురుగా ఉన్న ఫ్లాట్లలో గాలితో పాటు ఉప్పు వస్తుంది. కిటికీ గ్రిల్ తుప్పు పట్టే ఇంట్లో ఆకు మాత్రం బాగుంటుందా. ఉప్పు ఆకు మీద పేరుకుని అంచులు కాలినట్టు అవుతాయి, జనం అది నీళ్ళు తక్కువై అనుకుంటారు. ఇలాంటి బాల్కనీలకి బిళ్ళ గన్నేరు, కాగితం పూలు, టేబుల్ రోజ్, స్నేక్ ప్లాంట్, ఇవి నిలబడతాయి. బిళ్ళ గన్నేరుని ఎవరూ పట్టించుకోరు గానీ ఉప్పు గాలికీ ఎండకీ రెండిటికీ ఓర్చుకుని ఏడాదంతా పూసేది అదే, నర్సరీలో ఖరీదు కూడా తక్కువ. ఫెర్నులు, బిగోనియాలు, కలాథియాలు బీచ్ బాల్కనీలో పెట్టకండి. ఏది పెట్టినా వారానికోసారి మంచినీళ్ళు ఆకుల మీద పడేలా స్ప్రే కొట్టి కడిగెయ్యండి, ఉప్పు పోతుంది.

సీతమ్మధార, మధురవాడ లోపలి కాలనీలు, గోపాలపట్నం, పెందుర్తి వైపు ఉప్పు బాధ తక్కువ, ఎండ వేడి ఎక్కువ. పోర్టు చుట్టుపక్కలా, గాజువాక వైపూ ఉండేవాళ్ళకి దుమ్ము. ఆకు మీద దుమ్ము పొర పడితే అసలే తక్కువున్న వెలుతురు ఇంకా తగ్గుతుంది, కాబట్టి అక్కడ సన్నటి ఆకులు వందలుండే ఫెర్న్ లాంటివాటి కంటే వెడల్పాటి ఆకులవి తీసుకుంటే తడిగుడ్డతో తుడుచుకోవచ్చు, రబ్బర్ ప్లాంట్, మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్ లాంటివి.

తర్వాత దిక్కు. తూర్పు బాల్కనీ అన్నిటికంటే అదృష్టం, పొద్దుటి ఎండ మెత్తగా ఉంటుంది, కాకపోతే సముద్రానికి దగ్గరైతే గాలి కూడా అటునుంచే. పడమర బాల్కనీలో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా కాల్చేస్తుంది, అక్కడ కాగితం పూలు, టేబుల్ రోజ్ తప్ప వేరేవి పెట్టాలంటే ఎండని సగం ఆపే యాభై శాతం షేడ్ నెట్ కట్టాల్సిందే. ఉత్తరం బాల్కనీ గురించి ఒక విషయం ఎవరూ చెప్పరు. మన వైజాగ్ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది, కాబట్టి మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా సూర్యుడు మధ్యాహ్నం మన నెత్తికి కాస్త ఉత్తరంగా వెళ్తాడు. ఏడాదంతా నీడే కదా అని ఉత్తరం వైపు పెట్టిన ఫెర్న్, పీస్ లిల్లీ సరిగ్గా మేలో మాడిపోయేది అందుకే, ఆ రెండున్నర నెలలు గోడ వైపుకి జరపండి చాలు.

ఇంటి లోపల వెలుతురు సరిపోతుందో లేదో తెలియాలంటే పట్టపగలు లైట్ ఆర్పి, మొక్క పెట్టాలనుకున్న చోట ఒక తెల్ల కాగితం పరిచి దాని మీద చెయ్యి అడ్డం పెట్టండి. నీడ అంచులు స్పష్టంగా కనపడితే చాలా రకాలు బతుకుతాయి, మసకగా ఉంటే మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్, నీడే పడకపోతే అక్కడ మొక్క వద్దు. బతికినట్టు కనిపించినా అది నెమ్మదిగా తన దగ్గరున్నది తినేసుకుంటూ ఉంటుంది, అంతే.

వేలాడదీయడానికి ఏవి

పెటూనియా అందరికీ కావాలి, నిజంగానే అందంగా ఉంటుంది, కానీ అది చలికాలం మొక్క. మన ఊళ్ళో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా దాని కాలం, మార్చి దాటితే ఎంత చేసినా కాడలు సాగి పోతుంది. అది తెలిసి నాలుగు నెలల పండగ అనుకుని కొంటే సంతోషం, ఏడాదంతా ఉంటుందని కొంటే బాధ. ఏప్రిల్లో నర్సరీలో మిగిలిన పెటూనియాలు చవగ్గా ఇచ్చినా తీసుకోకండి.

దాని చోట ఎండాకాలానికి టేబుల్ రోజ్ పెట్టుకోండి. ఎండ ఎంతుంటే అంత పూస్తుంది, ఆకుల్లోనే నీళ్ళు దాచుకుంటుంది కాబట్టి ఒక పూట మర్చిపోయినా క్షమిస్తుంది, కొమ్మ విరిచి గుచ్చితే వచ్చేస్తుంది. దాని ఇబ్బందల్లా వానాకాలం, జూన్ నుంచి వానలు పడుతుంటే కాడలు కుళ్ళుతాయి, అప్పుడు బాల్కనీలో లోపలి వైపుకి మార్చుకోవాలి.

ఏడాదంతా ఉండాలి, పువ్వు లేకపోయినా ఫర్వాలేదు అంటే టర్టిల్ వైన్, జీబ్రినా, స్పైడర్ ప్లాంట్, మనీ ప్లాంట్. ఈ నాలుగింట్లో కొత్తవాళ్ళకి నేను చెప్పేది మనీ ప్లాంట్, అందరిళ్ళల్లో ఉండేదే కదా అని తీసిపారెయ్యొద్దు, అందరిళ్ళల్లో ఉందంటేనే అర్థం చేసుకోవాలి. దాహమేస్తే ఆకు కొంచెం వాలుస్తుంది, నీళ్ళు పోస్తే సాయంత్రానికి లేస్తుంది, అంత స్పష్టంగా అడిగే మొక్క వేరే లేదు. టర్టిల్ వైన్ చాలా త్వరగా నిండుతుంది, కర్టెన్‌లా దిగుతుంది, కానీ ఒక్కసారి పూర్తిగా ఎండితే నెత్తి మీద బట్టతల వచ్చినట్టు మధ్యలో ఖాళీ అవుతుంది, అప్పుడు చివర్లు కత్తిరించి ఆ ఖాళీలోనే మళ్ళీ పరిచి తడిపితే రెండు మూడు వారాల్లో పూడుకుంటుంది. స్పైడర్ ప్లాంట్‌కి నీళ్ళలో ఉప్పు పడదు, చివర్లు గోధుమరంగు అయిపోతాయి, దాని గురించి కింద చెప్తాను. బోస్టన్ ఫెర్న్ మాత్రం రోజుకి రెండుసార్లు చూసుకోగలిగే వాళ్ళకే, నీడ ఉండి గాలి కొట్టని చోటైతేనే. దళసరి ఆకుల సక్యులెంట్లు, ఆ చిన్న చిన్న గులాబీల్లా ఉండేవి, ఇన్‌స్టాలో చూసి కొంటారు, సెప్టెంబర్ అక్టోబర్ వానల తేమకి వాటిని కాపాడటం మన ఊళ్ళో చాలా కష్టం, వాటి మీద డబ్బులు పెట్టకండి.

బుట్ట, కుండీ, మట్టి

కొబ్బరి పీచు బుట్టలు చూడ్డానికి బావుంటాయి, అన్నిటికంటే త్వరగా ఆరిపోయేవి కూడా అవే. బీచ్ గాలి తగిలే చోట పీచు బుట్ట పెడితే రోజుకి రెండు పూటలా పొయ్యాలి, లేదా లోపల పాత ప్లాస్టిక్ కవర్ పరిచి అడుగున నాలుగు చిల్లులు పెట్టి అప్పుడు మట్టి నింపండి, చాలా తేడా వస్తుంది. వేలాడదీయడానికి నా ఓటు మామూలు ప్లాస్టిక్ హ్యాంగింగ్ పాట్‌కే, పది అంగుళాలకి తగ్గకుండా. ఆరు అంగుళాల చిన్నవి ఆరు కట్టే బదులు పది అంగుళాలవి మూడు కట్టండి, మట్టి ఎక్కువుంటే తడి ఎక్కువసేపు ఉంటుంది, పని సగమవుతుంది. కింద నీళ్ళ గది ఉండే సెల్ఫ్ వాటరింగ్ పాట్లు ఊళ్ళకి ఎక్కువ తిరిగేవాళ్ళకి మంచివే, కాకపోతే వానాకాలంలో ఆ నీళ్ళు తీసెయ్యాలి, లేకపోతే అవి కూడా కుళ్ళుతాయి. కింద ట్రేలు పెట్టుకున్నా వారంలోపు ఒంపి ఎండబెట్టాలి, డెంగ్యూ దోమ గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం పది రోజులే పడుతుంది, అది ఇలాంటి మంచినీళ్ళలోనే పెరుగుతుంది.

నేల మీద పెట్టేదానికి మట్టి కుండీ బెస్ట్. దాని గోడల్లోంచి కూడా నీరు ఆరుతుంది కాబట్టి చెయ్యి కాస్త ఎక్కువైనా వేరు బతుకుతుంది. అదే గుణం వేలాడే చోట దోషం అవుతుంది, బరువు కూడా. సిరామిక్ కుండీలు అడుగున చిల్లు లేకుండా అమ్ముతారు, అందులో నేరుగా నాటొద్దు, మొక్కని ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి సిరామిక్‌లో దింపండి, నీళ్ళు పోసేటప్పుడు బయటకి తియ్యండి.

మట్టి దగ్గర కూడా బయటకి ఒకటి, లోపలకి ఒకటి. వేలాడే బుట్టలో ఉత్త ఎర్రమట్టి పోస్తే తడిసినప్పుడు ఎనిమిది పది కిలోలు తూగుతుంది, హుక్కు మీద నమ్మకం పోతుంది, ఎండితే రాయి అవుతుంది. సగం కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, ముప్పై శాతం వర్మీ కంపోస్ట్, మిగతా ఇరవై శాతం పెర్లైట్ అనే తేలికపాటి తెల్ల గుళికలు గానీ వరి ఊక గానీ కలిపితే తేలిగ్గా ఉంటుంది, తడి పట్టుకుంటుంది. కోకోపీట్ ఇటుకని నానబెట్టాక ఆ మొదటి నీళ్ళు పిండేసి ఇంకోసారి కడగండి, సరిగా కడగని పీట్‌లో ఉప్పు ఉంటుంది. లోపల కుండీలకి మాత్రం కోకోపీట్ పావు వంతు మించకుండా, ఎర్రమట్టి సగం, మిగతాది కంపోస్టూ ఇసుకా. ఇసుక అంటే నది ఇసుకే, బీచ్ ఇసుక ఎంత కడిగినా వాడొద్దు.

కోకోపీట్‌తో ఇంకో చిక్కు ఉంది, అది ఒకసారి పూర్తిగా ఎండితే నీళ్ళు పీల్చదు, పోసిన నీళ్ళన్నీ పక్కలనుంచి జారి కిందకి కారిపోతాయి, కింది ఫ్లాట్ వాళ్ళు గొడవకొస్తారు, మొక్క మాత్రం ఎండుగానే ఉంటుంది. రోజూ పోస్తూనే ఉన్నా ఎండిపోయింది అని చాలామంది అనేది ఇదే. బుట్టని దించి బకెట్ నీళ్ళలో అరగంట ముంచి ఉంచండి, బుడగలు ఆగిపోయాక తీసి ఒంపి కట్టండి.

నీళ్ళు

లోపలి కుండీకి వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే పొయ్యండి, పోస్తే అడుగున కారేదాకా పొయ్యండి, రోజూ అర గ్లాసు చల్లడం వల్ల పైన తడి, కింద ఎండు. వేలాడే బుట్టని అడుగున అరచేయి పెట్టి ఎత్తి చూడండి, తడిసినప్పటి బరువు ఒకసారి చేతికి తెలిస్తే తర్వాత మర్చిపోరు. చెయ్యి అందనంత ఎత్తులో కట్టకండి అసలు, అందని బుట్ట దగ్గర తడి ఎవరూ చూడరు, కప్పీ తాడు వేసుకున్నా మంచిదే.

ఏ నీళ్ళు అంటే, మున్సిపల్ కుళాయి నీళ్ళు చాలావాటికి సరిపోతాయి. తీరానికి దగ్గర ఇళ్ళల్లో బోరు నీళ్ళు నాలికకి ఉప్పగా తగిలితే మొక్కకి వాడొద్దు. ఆర్‌ఓ మిషన్ వదిలే నీళ్ళు పారబోయకుండా మొక్కలకి పోస్తుంటారు, మంచి ఉద్దేశమే, కానీ నీళ్ళలోని ఉప్పులన్నీ చిక్కబడేది ఆ వదిలే పైపులోనే, వాటిని బాత్రూం కడగడానికి వాడుకోండి. ఏసీ నుంచి కారే నీళ్ళలో ఉప్పులు దాదాపు ఉండవు, స్పైడర్ ప్లాంట్‌కీ అరెకా పామ్‌కీ అవి పట్టి పోస్తే కొత్త ఆకుల చివర్లు పచ్చగా వస్తాయి. బియ్యం కడిగిన నీళ్ళు బాల్కనీలో ఎప్పుడైనా ఒకసారి పర్లేదు, హాల్లో కుండీకి వద్దు, మట్టి మీద చిన్న చిన్న నల్ల ఈగలు మొదలవుతాయి.

వేలాడేవాటికి రోజూ నీళ్ళు కారిపోతుంటాయి కాబట్టి ఎరువు కూడా కొట్టుకుపోతుంది, మూడు వారాలకోసారి గుప్పెడు వర్మీ కంపోస్ట్ వెయ్యండి. లోపలి మొక్కలకి రెండు మూడు నెలలకోసారి చాలు. పిండినల్లి, అదే తెల్లగా దూదిలా అంటుకునేది, కనిపిస్తే లీటరు నీళ్ళకి ఐదు మిల్లీ లీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టండి, వారం తర్వాత ఇంకోసారి.

ఇంటి లోపలికి స్నేక్ ప్లాంటా, జెడ్‌జెడ్డా, అరెకానా

తక్కువ వెలుతురు, తక్కువ టైమ్ ఉన్నవాళ్ళకి జెడ్‌జెడ్, మట్టి కింద బంగాళాదుంప లాంటి దుంపల్లో నీళ్ళు దాచుకుంటుంది, నెలకి రెండుసార్లు పోసినా చాలు, వానాకాలంలో ఒక్కసారి. ఖరీదు ఎక్కువ, పెరుగుదల నెమ్మది. అదే గుణాలు తక్కువ ధరలో కావాలంటే స్నేక్ ప్లాంట్, పైగా అది బాల్కనీలో కూడా బతుకుతుంది, పిలకలు వేస్తే విడదీసి చెల్లికో వదినకో ఇవ్వొచ్చు. అరెకా పామ్ హాలుకి నిండుదనం తెస్తుంది, కానీ దానికి కిటికీ పక్కన మంచి వెలుతురు కావాలి, ఏసీ గాలి నేరుగా తగలకూడదు, ఆకుల వెనక ఎర్రనల్లి, అదే కంటికి కనపడీ కనపడని సన్న పురుగు, పడుతుంది. కొత్తవాళ్ళు మొదటి ఏడాది దాని జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

పసిపిల్లలూ పిల్లులూ ఉన్న ఇంట్లో మనీ ప్లాంట్, జెడ్‌జెడ్, పీస్ లిల్లీ అందకుండా పెట్టండి, నమిలితే నోరంతా మంట, వాపు వస్తుంది. స్పైడర్ ప్లాంట్, అరెకాతో ఆ భయం లేదు. ఇంక ఈ మొక్క గాలి శుభ్రం చేస్తుందండి అని ఎక్కువ రేటు చెప్తే వినకండి. 1989లో నాసా వాళ్ళు మూసేసిన చిన్న గదుల్లో చేసిన పరీక్షల మాట అది, 2019లో అలాంటి పరీక్షలన్నీ మళ్ళీ లెక్కేస్తే, కిటికీ తెరిస్తే వచ్చేంత ఫలితం రావాలంటే చదరపు మీటరుకి కనీసం పది మొక్కలు కావాలని తేలింది. పచ్చదనం కోసం కొనండి, అదే చాలు.

కొనేటప్పుడు

మన ఊరి నర్సరీల్లోకి, వీధుల్లో వ్యాన్ మీద వచ్చేవాటిలో చాలా మొక్కలు రాజమండ్రి దగ్గర నర్సరీల ఊరు కడియం వైపునుంచి వస్తాయి. అక్కడ షేడ్ నెట్ కింద, తడి తడిగా పెరిగి వచ్చి ఒక్కసారిగా మీ ఆరో అంతస్తు బాల్కనీ ఎండలో పడితే ఆకు రాల్చడం సహజం, కంగారుపడి ఎరువులు వెయ్యకండి. వారం పది రోజులు నీడలో ఉంచి, తర్వాత పొద్దుటి ఎండకి అలవాటు చెయ్యండి. వేరు చుట్టూ గట్టి మట్టి ముద్ద ఉంటుంది, కుండీలో మీరు పోసిన మెత్తటి మట్టి తడిసినా ఆ ముద్ద లోపల తడవదు, నాటేముందు నీళ్ళలో నానబెట్టి బయటి పొర వేళ్ళతో మెల్లగా వదులు చెయ్యండి. పువ్వులు నిండుగా ఉన్నది కాకుండా మొగ్గలు, కొత్త చిగుర్లు ఉన్నది ఎంచుకోండి, ఆకు తిప్పి వెనక కూడా చూడండి. నర్సరీ అతను రోజూ నీళ్ళు పొయ్యండమ్మా అనే చెప్తాడు, అది అతని ఎండలో నిజమే, మీ హాల్లో కాదు.

జూలై ఆగస్టు నెలలు కొమ్మలు గుచ్చుకోవడానికి చాలా మంచివి, తేమకి త్వరగా వేరు పడుతుంది, తెలిసినవాళ్ళింట్లోంచి మనీ ప్లాంట్, టర్టిల్ వైన్ తెచ్చుకుంటే ఖర్చే ఉండదు. ఏప్రిల్ మేల్లో కొత్త బుట్టలు మొదలుపెట్టకండి.

అక్టోబర్ నవంబర్లలో తుఫాను హెచ్చరిక వచ్చిందంటే బుట్టలన్నీ దించి నేల మీద గోడ వారన పెట్టెయ్యాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, కొత్తగా ఊరొచ్చి పై అంతస్తుల్లో ఉంటున్నవాళ్ళకి చెప్తున్నా, ఐదారు కిలోల కుండీ గాలికి ఊడి కింద మనిషి మీద పడితే ప్రాణం పోతుంది. గాలీ వానా తగ్గాక సముద్రం దగ్గరి ఇళ్ళవాళ్ళు ఆకుల్నీ మట్టినీ మంచినీళ్ళతో ఒకసారి బాగా తడిపి ఉప్పు కడిగెయ్యండి.

సంక్రాంతికి ఊరెళ్తే పెద్ద భయం లేదు, జనవరి చల్లగానే ఉంటుంది, బుట్టల్ని బకెట్లో ముంచి తీసి బాల్కనీలో నీడ పక్కకి నేల మీద దగ్గర దగ్గరగా పెట్టి వెళ్తే నాలుగైదు రోజులు ఆగుతాయి. వేసవి సెలవులకి వారం పైన వెళ్తుంటే మాత్రం పక్కింటి వాళ్ళకో వాచ్‌మన్‌కో బయటి బుట్టలు ఒక్కటే అప్పజెప్పండి, లోపలున్న జెడ్‌జెడ్‌కీ స్నేక్ ప్లాంట్‌కీ నీళ్ళు పొయ్యొద్దని గట్టిగా చెప్పండి, ఎందుకంటే వాళ్ళు అభిమానం కొద్దీ రోజూ పోస్తారు.